చూపించేది మన ఊరైతే లెక్క మన పుస్తకంలో ఉండాలి



ఈ ఏడాది జీవనోపాధుల శిక్షణలో మా సంఘం వాళ్లం వీఆర్ కళ్లజోడు పెట్టుకుని చూశాం. తల ఎటు తిప్పితే అటు ఊరు కనిపిస్తుంది. కూర్చున్న చోటు నుంచే అక్కడ తిరిగొచ్చినట్టు ఉంటుంది. అగ్నిపర్వతం పేలి నష్టపోయిన ఊళ్లకు దీనితో ఆదాయం తేవచ్చని చెప్పారు. అదెలాగో మేం తెలుసుకున్నది మీతో పంచుకుంటున్నాం.

ఇండోనేషియాలో జావా దీవిలో మెరాపి అనే అగ్నిపర్వతం ఉంది. 2010 అక్టోబరు, నవంబరు నెలల్లో అది పేలి 350 మందికి పైగా చనిపోయారు. కాలే బూడిద, వేడి గాలి కొండ దిగి ఊళ్ల మీద పడ్డాయి. ఇళ్లు, పాడి పశువులు పోయాయి. గేదె పోయినా గేదె మీద తెచ్చిన అప్పు పోదని మనకు తెలుసు కదా.

అయినా వాళ్లు చేతులు కట్టుకుని కూర్చోలేదు. చూడటానికి వచ్చినవాళ్లను జీపుల్లో తిప్పారు, చిన్న కొట్లు పెట్టుకున్నారు. ఒక కుటుంబమైతే కాలిపోయిన తమ ఇంటినే మ్యూజియం చేసింది. మాడిన గిన్నెలు, మోటారు సైకిళ్లు, పశువుల ఎముకలు, నవంబరు 5 అర్ధరాత్రి దాటాక ఆగిపోయిన గడియారం అందులో ఉన్నాయి.

కానీ కొండ మళ్లీ రగిలితే దగ్గరికి పోనివ్వరు. 2020 నవంబరులో హెచ్చరికను మూడో స్థాయికి పెంచారు. ఉన్నవి నాలుగే స్థాయిలు. దారి మూస్తే జీపు కదలదు, కొట్టు నడవదు. వీఆర్ పనికొచ్చేది అప్పుడే. ముందే తీసిపెట్టుకున్న ఊరిని దూరాన ఉన్నవాళ్లు టికెట్ కొని చూడొచ్చు. నడవలేని ముసలివాళ్లూ చూడొచ్చు.

అయితే కళ్లజోడులో చూసినవాళ్లు టీ తాగరు, జీపు ఎక్కరు. అందుకని టికెట్ డబ్బు ఎవరి ఖాతాలో పడుతుందన్నదే అసలు సంగతి. మనకు అగ్నిపర్వతాలు లేకపోయినా తుఫాన్లు ఉన్నాయి. కూలిన ఇంటి ముందు మనల్ని నిలబెట్టి వీడియోలు తీసుకుపోయినవాళ్లూ ఉన్నారు. మనకు వచ్చిందేమీ లేదు.

రేపు ఎవరైనా ఇలాంటి పనితో మన ఊరికొస్తే మూడు అడుగుదాం. మనిషిని పోగొట్టుకున్న కుటుంబం ఒప్పుకుందా? ఊరికి వాటా ఎంతో కాగితం మీద రాశారా? ఆ డబ్బు సమాఖ్య ఖాతాలో పడి, మన పుస్తకంలో ఎక్కుతుందా? ఊరి కథ చెప్పే గొంతు కూడా మన ఆడవాళ్లదే కావాలి, దానికి కూలి ఇవ్వాలి.

ఇవి ఒప్పుకుంటేనే తీర్మానం రాద్దాం, సంతకం పెడదాం. లేకపోతే వద్దందాం.