పెద్దవాళ్లు ఇంగ్లీషు చదువు పరీక్షకు కూర్చుంటే
(మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 ఈరోజు మేము మాట్లాడదలచుకున్నది పిల్లల చదువు గురించి కాదు. అది ఎప్పుడూ మాట్లాడుకుంటూనే వున్నాము. బడి మానేసి పదేళ్లో ఇరవై ఏళ్లో అయినాక, మళ్లీ పుస్తకం చేతబట్టి ఇంగ్లీషు పరీక్షకు కూర్చోవాలనుకునే పెద్దవాళ్ల గురించి నాలుగు మాటలు చెబుతాము. అందులోనూ, చదివి అర్థం చేసుకునే భాగం గురించి మాత్రమే. రాయడం, మాట్లాడడం వేరే సంగతులు. వాటిని ఇంకో రోజు చూసుకోవచ్చు.

"ఈ వయసులో ఇదంతా ఎందుకప్పా?" అని అడిగేవారు మనలోనే వున్నారు. 2011 జనగణన ప్రకారం అప్పటి ఉమ్మడి కర్నూలు జిల్లాలో అక్షరాస్యత సుమారు 60 శాతం. ఆడవాళ్లలో సుమారు 50 శాతం. అంటే ఇద్దరు ఆడవాళ్లలో ఒకరు చదవలేని స్థితి. జిన్నింగు మిల్లులో పనికి పోయినవారు, ఇంట్లో కండెలు చుట్టినవారు, పెండ్లయి బడి మానినవారు మన ఇండ్లల్లోనే వున్నారు. వాళ్లకు తెలివి లేక చదువు ఆగలేదు. ఇంటి అవసరం వల్ల ఆగింది. అవసరం వల్ల ఆగిన చదువును ఇంకో అవసరం మళ్లీ మొదలుపెట్టించవచ్చు.

ఆ అవసరాలు ఎట్లాంటివో చూడండి. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద సాధారణంగా ఈసీఆర్ అని పడుతుంది. అట్లాంటివారు పనికోసం సౌదీ, కువైట్, ఖతార్ వంటి దేశాలకు పోవాలంటే ముందుగా ప్రభుత్వం నుంచి వలస అనుమతి తీసుకోవాలి. మోసపోకుండా కాపాడడానికే ఆ నియమం పెట్టారు. పదో తరగతి పాసయినవారికి ఆ అనుమతి అక్కర లేదు. ఇక నర్సింగు చదివిన మన ఆడపిల్ల బ్రిటన్‌లో ఉద్యోగం చేయాలంటే ఇంగ్లీషు పరీక్ష రాయాలి. అక్కడి నర్సుల మండలి ఒప్పుకునే పరీక్షల్లో ఐఈఎల్‌టీఎస్ ఒకటి. అందులో చదువు భాగానికి 7 బ్యాండ్ రావాలి. అంటే 40 ప్రశ్నల్లో సుమారు 30 సరిగ్గా చేయాలి.

పదో తరగతికి వయసు మించిపోయిందని దిగులు పడనక్కర లేదు. సార్వత్రిక పాఠశాల వున్నది. 1979లో ఢిల్లీలో సీబీఎస్ఈ ఒక ప్రయత్నంగా మొదలుపెట్టినది, 1989లో జాతీయ సార్వత్రిక పాఠశాల అయింది. మన రాష్ట్రంలో 1991లో ఓపెన్ స్కూల్ సొసైటీ వచ్చింది. పదో తరగతిలో చేరడానికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. జాతీయ సంస్థలో ఒకసారి చేరితే 5 సంవత్సరాల్లో 9 సార్లు పరీక్షకు కూర్చోవచ్చు. పాసయిన సబ్జెక్టును మళ్లీ రాయనక్కర లేదు. అన్నీ ఒక్కసారే మోయలేనివారు ఈసారి ఒకటి, వచ్చేసారి రెండు అన్నట్టు రాసుకోవచ్చు. ఇంగ్లీషు తీసుకున్నవారికి ఆ పేపరులో ముందు చూడని ఇంగ్లీషు భాగం ఒకటిచ్చి, దానిమీద ప్రశ్నలు అడుగుతారు. పెద్దవాళ్లు బెదిరేది అక్కడే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాము. మా దగ్గర రాత్రి తరగతికి వచ్చేవారిని గమనించి చెబుతున్నాము. పెద్దవాళ్లకు చదవడం అంటే పైకి చదవడం. చిన్నప్పుడు ఖాయిదా పట్టి అరబ్బీ అక్షరాలు నేర్చుకున్నాము. ఉచ్చారణ తప్పకుండా చదవడం అక్కడ ముఖ్యం, అర్థం వేరుగా నేర్చుకుంటాము. ఆ పద్ధతికి దాని గౌరవం దానికున్నది. అయితే అదే అలవాటుతో ఇంగ్లీషు పేపరు ముందర కూర్చుంటే పని జరగదు. 'నైఫ్' అనే మాటలో 'కె' ఎందుకు పలకము అని ఆలోచిస్తూ వుండగానే గంట కొట్టేస్తారు. పరీక్ష గదిలో మీ ఉచ్చారణ వినేవారు ఎవరూ లేరు. మీకు అర్థమయిందా లేదా, అంతే వాళ్లు చూసేది. కాబట్టి పలకడం రాదనే సిగ్గును గడప అవతలే విడిచిపెట్టండి.

ఏ పరీక్ష ఏమి అడుగుతుందో ముందుగా తెలుసుకోవాలని అనేది ఇందుకే. అమెరికాలో బిడ్డల దగ్గర స్థిరపడిన మన తెలుగు పెద్దలు అక్కడి పౌరసత్వానికి పోయినప్పుడు, అధికారి మూడు వాక్యాల వరకు చూపిస్తాడు. వాటిలో ఒకటి సరిగ్గా పైకి చదివితే పాసు. అక్కడ నోటితో చదవడమే పరీక్ష. ఐఈఎల్‌టీఎస్‌లో, ఓపెన్ స్కూలు పేపరులో అట్లా కాదు. ఒక పరీక్షకు తయారయ్యే పద్ధతి ఇంకో పరీక్షకు పనికి రాదు.

రెండో చిక్కు వాక్యం నడక. తెలుగులో గాని ఉర్దూలో గాని క్రియ చివర వస్తుంది. ఇంగ్లీషులో చేసినవాడి వెంబడే క్రియ వస్తుంది. మనం చివరిదాకా కాచుకొని వుంటాము, అది మధ్యలోనే దాటిపోయి వుంటుంది. ఇంకొకటి. "యార్డుకు వచ్చిన పత్తి" అని తెలుగులో వివరం ముందు చెప్పి, వస్తువు పేరు తర్వాత చెబుతాము. ఇంగ్లీషువాడు "ద కాటన్ విచ్ కేమ్ టు ద యార్డ్" అని వస్తువు ముందు చెప్పి, వివరం వెనక తగిలిస్తాడు. పుస్తకాల ఉర్దూలో 'జో' అనే మాట ఇట్లాంటి పనే చేస్తుంది గనుక ఉర్దూ చదివినవారికి ఇది తొందరగా పట్టుబడుతుంది. కానీ ఉర్దూ లిపి కుడి నుంచి ఎడమకు పోతుంది. వాళ్ల కండ్లకు కొన్నాళ్లు ఎడమ నుంచి కుడికి పరుగెత్తే అలవాటు చేయాలి. వాక్యం పొడుగ్గా కనిపిస్తే రెండే ప్రశ్నలు వేసుకోండి. ఎవరు? ఏమి చేశారు? ఈ రెండూ దొరికితే మిగతాది దానంతట అదే సర్దుకుంటుంది.

మూడో చిక్కు, పెద్ద మాటలకు భయపడి చిన్న మాటలను వదిలిపెట్టడం. తెలియని పెద్ద మాటను ముందు వెనకలు చూసి చాలావరకు ఊహించవచ్చు. కానీ 'నాట్', 'ఓన్లీ', 'ఎక్సెప్ట్', 'అన్‌లెస్' అనే చిన్న మాటల్లో ఒకటి కంటికి ఆనకపోతే అర్థం తలకిందులవుతుంది. అప్పుపత్రంలో షరతు ఎక్కడ వుంటుందో మీకు తెలుసు. ఇంగ్లీషు వాక్యంలో షరతు ఈ చిన్న మాటల్లో వుంటుంది. చదివేటప్పుడు పెన్సిలుతో వాటికింద గీత పెట్టుకోండి.

ఒక ఉదాహరణ చెబుతాము. గ్రంథాలయం గోడమీద ఒక నోటీసు వున్నదనుకోండి. "ద లైబ్రరీ విల్ బి క్లోజ్డ్ ఆన్ ఫ్రైడే. బుక్స్ డ్యూ ఆన్ ఫ్రైడే మే బి రిటర్న్‌డ్ ఆన్ సాటర్డే వితౌట్ ఫైన్." శుక్రవారం సెలవు, ఆరోజు ఇవ్వాల్సిన పుస్తకాలు శనివారం ఇచ్చినా జరిమానా లేదు అని దీని భావం. 'డ్యూ' అనే మాట పుస్తకంలో నేర్చుకోకపోయినా బ్యాంకు కంతులు కట్టినవారికి తెలిసినదే. 'ఫైన్' కూడా అంతే. పెద్దవాళ్ల దగ్గర ఇట్లాంటి మాటల మూట చాలా వున్నది. మందుల చీటీ, కరెంటు బిల్లు, రైల్వే టిక్కెట్టు, ఎరువుల సంచి, అన్నీ ఇంగ్లీషు నేర్పినవే.

ఇప్పుడు ప్రశ్నలు. ఐఈఎల్‌టీఎస్‌లో ఒక రకం ప్రశ్నకు ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ అని మూడు జవాబులు వుంటాయి. "గ్రంథాలయం శుక్రవారం తెరిచి వుంటుంది." ఇది ఫాల్స్. "శుక్రవారం గడువున్న పుస్తకం శనివారం ఇస్తే జరిమానా లేదు." ఇది ట్రూ. "గ్రంథాలయం ఆదివారం తెరిచి వుంటుంది." దీనికి జవాబు ఏమి? మన పెద్దవాళ్లు వెంటనే "ఆదివారం ఎవరు తెరుస్తారు?" అని ఫాల్స్ పెడతారు. కానీ నోటీసులో ఆదివారం మాటే లేదు. జవాబు నాట్ గివెన్. లోకానుభవం తెలియని మాట ఊహించడానికి సహాయం చేస్తుంది. జవాబు పెట్టేటప్పుడు మాత్రం దాన్ని పక్కన పెట్టి, కాగితం మీద ఏమున్నదో అంతే చూడాలి.

ఇక కాలం సంగతి. ఐఈఎల్‌టీఎస్ చదువు పరీక్ష 60 నిమిషాలు, 40 ప్రశ్నలు, ప్రశ్నకు ఒక మార్కు. జవాబులు ఎక్కించుకోవడానికి వేరే సమయం ఇవ్వరు. తప్పు జవాబుకు మార్కు తగ్గించరు గనుక ఏ ప్రశ్ననూ ఖాళీగా వదలకూడదు. ఇందులో రెండు రకాలున్నవి. నర్సుల మండలి అడిగేది అకడెమిక్ రకం. దానిలో మూడు పెద్ద పాఠాలు వుంటాయి, పాఠానికి 20 నిమిషాలకు మించి ఇవ్వకూడదు. జనరల్ ట్రైనింగు అనే రెండో రకంలో నోటీసులు, ప్రకటనలు, పని స్థలం కాగితాలు, చివర ఒక పెద్ద పాఠం వస్తాయి. అవి కొంచెం తేలిక గనుక అదే బ్యాండుకు ఎక్కువ జవాబులు సరిగ్గా రావాలి. 6 బ్యాండుకు అకడెమిక్‌లో సుమారు 23 అయితే, జనరల్‌లో సుమారు 30. ఏ రకం రాయాలో తెలుసుకోకుండా రుసుము కట్టవద్దు.

సాధన ఎట్లా చేయాలి? ఏడాదికొకసారి పది రోజులు కూర్చుంటే రాదు. దినం అరగంట చాలు. ముందు ప్రశ్నలు చూడండి, తర్వాత పాఠం చదవండి. మొదటిసారి నిఘంటువు తెరవకుండా చదివి జవాబులు పెట్టండి. రెండోసారి నిదానంగా తెలియని మాటలు చూసుకోండి. ఒక్కొక్క మాటను తెలుగులోకి తిప్పుకుంటూ పోతే, ఇరవై మాటల తర్వాత మొదటి మాట మరిచిపోతాము. వాక్యం మొత్తం ఒక్క ముద్దగా తీసుకోవడం అలవాటు కావాలి. వారానికి ఒకసారి గడియారం ముందర పెట్టుకొని పాత ప్రశ్నపత్రం చేయండి. తప్పయిన చోట, తప్పు ఎందుకు వచ్చిందో పక్కన ఒక మాట రాసుకోండి. ఎక్కువ తప్పులు ఒకే కారణం వల్ల వస్తున్నట్టు కనబడుతుంది. ఆ కారణాన్ని పట్టుకుంటే సగం పని అయినట్టే.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. "పరీక్ష రాయకుండానే సర్టిఫికెట్ ఇప్పిస్తాము, బ్యాండు ఖాయం" అనేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వవద్దు. అట్లాంటి కాగితం విమానాశ్రయం వరకైనా పనికి రాదు. పైగా కేసు మీమీద పడుతుంది.

కుటుంబాలకు మా మనవి ఒకటే. చదువుకునే ఆడమనిషికి ఆ అరగంట ఇవ్వండి. ఆ సమయంలో బిడ్డను మగవాళ్లు ఎత్తుకుంటే చిన్నతనం కాదు. తప్పు చదివితే పిల్లలు నవ్వకుండా చూడండి. పెద్దమనిషి పుస్తకం మూసేది కష్టానికి కాదు, ఎగతాళికి.

మన ప్రాంతంలో ఇట్లాంటి పనులు ఎవరో పైనుంచి వచ్చి చేయలేదు. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేతవారిని ఒకచోట చేర్చి సహకార సంఘం పెట్టారు. 1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు కర్నూలులో ఉస్మానియా కాలేజీ స్థాపించారు. వాళ్లు చేసినదానితో పోలిస్తే మేము అడుగుతున్నది చాలా చిన్నది. ఆదోనిలో ఒక గది, ఎమ్మిగనూరులో ఒక గది, రెండు బెంచీలు, ఒక గడియారం, పాత ప్రశ్నపత్రాల కట్ట. పదో తరగతి దాటిన మన పిల్లలు వారానికి రెండు రాత్రులు వచ్చి కూర్చుంటే చాలు.

పరీక్ష పాసు కావడం మంచిదే. పాసయితే ముద్ర మారుతుంది, ఉద్యోగం దొరుకుతుంది. కానీ ఈసీఆర్ ముద్ర లేని పాస్‌పోర్టు చేతిలో వున్నంత మాత్రాన, గల్ఫ్‌లో చేతికిచ్చిన ఒప్పందంలో జీతం ఎంత, పని ఎన్ని గంటలు, తిరుగు టిక్కెట్టు ఎవరిది అన్నది ముద్ర చదివి చెప్పదు. సంతకం పెట్టేవాడే చదువుకోవాలి. 'అన్‌లెస్' అనే మాట దగ్గర ఆగి, మళ్లీ ఒకసారి చదివి, "ఇదేంది?" అని అడగగలిగినవాడిని మోసం చేయడం కష్టం. మనవాళ్లు ఆ ప్రశ్న అడగగలగాలనే మా కోరిక.

 రాత్రి తరగతికి పేరు ఇవ్వదలచినవారు భోజనాల దగ్గర మమ్మల్ని కలవండి.