పసిబిడ్డల రక్తవ్యాధి – పదిమంది చందా



చందా పుస్తకము చేతబట్టని గ్రామపెద్ద యుండడు. రామకోవెలకు గోపురమనియు, వడగండ్లవానకు పంట పోయినవారికి గింజలనియు, నిరుపేద పిల్ల పెండ్లికి పుస్తెలనియు మీరు ఇంటింటికి తిరిగి కూడబెట్టినవారే. అట్టి ధనమునకు ఫలము వెంటనే కంటికి గనబడును. ఎన్నడును చూడని పిల్లలకొరకు, ఫలమెప్పుడు కలుగునో తెలియని పనికొరకు, పదిమంది యిచ్చిన సొమ్ము ఏమి చేయగలిగెనో నేడు మీకు విన్నవించెదను.

పసివారికి వచ్చు క్యాన్సరులలో రక్తపు క్యాన్సరు మిక్కిలి తరచైనది. దీనిని వైద్యులు లుకీమియా యందురు. ఎముకల మూలుగలో పుట్టు తెల్లకణములు పక్వము గాకయే కలుపువలె పెరిగి, మంచి రక్తమునకు చోటు లేకుండ జేయును. 1947వ సంవత్సరము వరకు ఈ వ్యాధి తగిలిన బిడ్డ కొలది వారములలోనో నెలలలోనో పోవుటయే గాని నిలుచుట లేదు.

దీనికి తొలి మందు సిద్ధమగుటలో 1895లో మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారి చేయి కలదు. ఆయన సోదరులిద్దరు సంగ్రహణి వంటి వ్యాధితో కొలది దినముల యెడమున మరణించిరి. వైద్యము చదివి సీమకు పోవలెనన్న చేతిలో ధనము లేదు. మామగారు కొంత సమకూర్చిరి. రంగూనులో ధనమార్జించిన మల్లాడి సత్యలింగ నాయకరుగారి పేర కాకినాడలో వెలసిన ధర్మసంస్థ సహాయము చేసెదమని మాట యిచ్చెను. ఆ యండతో ఆయన 1922 అక్టోబరులో అమెరికా దేశపు బోస్టను నగరము చేరెను. నాయకరుగారు ధర్మపత్రము వ్రాయించునాడు లుకీమియా మాట తలచియుందురా? తలచియుండరు. అయినను ఆ ధర్మము అంతదూరము పోయినది.

సుబ్బారావుగారు 1940లో లెడర్లీ యను మందుల సంస్థలో చేరిరి. అచ్చటి వారి బృందము ఫోలిక్ ఆమ్లమను పోషకమును తయారు చేసెను. సంగ్రహణికి అది పనిచేసెను. బోస్టనులో సిడ్నీ ఫార్బరను వైద్యుడు అట్టి పదార్థమునే లుకీమియా బిడ్డలకిచ్చి చూడగా వ్యాధి మరింత పెరిగెను! పైరుకు వేసిన యెరువు కలుపు తిన్నట్లయినది. అప్పుడాయనకు తోచినది: ఆ పోషకము అందకుండ జేసినచో కలుపు ఎండవలెను గదా. వడ్లవలె కనబడు తాలు కలదు. లోపల గింజ యుండదు. ఫోలిక్ ఆమ్లమునకు అట్టి తాలువంటి పదార్థములను సుబ్బారావుగారి బృందము చేసి పంపెను. కణము దానిని గింజయనుకొని పట్టుకొని, ఆకలితో చచ్చును. 1948 జూనులో ఫార్బరు ఫలితములను ప్రకటించెను: పదునారుగురు బిడ్డలలో పదిమందికి వ్యాధి తగ్గుముఖము పట్టినది. అది కొన్ని నెలల మాటయే. వ్యాధి మరల వచ్చినది. కాని తగ్గుట యనునది సాధ్యమని తెలిసినది. ఆ యేడు ఆగస్టులోనే, ఏబదిమూడేండ్ల వయస్సున, సుబ్బారావుగారు గతించిరి.

ఇక సొమ్ము మాట. 1948 మే 22వ తేదీ రాత్రి అమెరికా రేడియోలో ఒక రోగి బాలుని గొంతు వినబడెను. వానికి జిమ్మీ యని మారుపేరు పెట్టిరి. వాని మంచముచుట్టు బోస్టను బంతియాట జట్టువారు చేరి ముచ్చటలాడిరి. ఆట చూచుకొనుటకు బాలునికి టెలివిజను కావలెననియు, పరిశోధనకు 20,000 డాలరులు కావలెననియు ప్రకటించిరి. వచ్చినది 2,00,000 డాలరులకు పైమాట. అందు పిల్లల చిల్లర నాణెములును కలవు. 1952లో ఆ నిధి పేర చికిత్సా భవనము వెలసెను. జిమ్మీ చనిపోయెననియే లోకము తలచెను. ఆయన ఏబదియేండ్ల తరువాత 1998లో, తాతయై, తన్ను తాను వెల్లడించుకొనెను.

తరువాతివారు ఒక మందు చాలదని నాలుగైదింటిని కలిపి, వరుస నేర్పరచి యిచ్చిరి. నేడు ధనిక దేశములలో లుకీమియా బిడ్డలు పదిమందిలో తొమ్మిదిమంది వరకు నిలుచుచున్నారు. సుబ్బారావుగారి బృందము చేసిన మెథోట్రెక్సేటు నేటికిని ఆ చికిత్సలో కలదు. మన యెడ అంతమంది నిలుచుట లేదు. మందు లేక కాదు. ఆలస్యముగా వచ్చుటయు, నడుమ మానివేయుటయు ముఖ్య కారణములు.

నేను నివసించు సనత్‌నగరమున కార్మికుల భీమా వైద్యశాల కలదు. అదియు 1948వ సంవత్సరపు చట్టము సంతానమే: కార్మికుల జీతములోని చిల్లరయు యజమానుల వాటాయు కలిసి రోగికి అక్కరకు వచ్చును. పొలము దున్నువానికి అట్టి వాటా లేదు. బీదలకు తెలంగాణమున ఆరోగ్యశ్రీ మందుల వ్యయము భరించును. రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. వైద్యశాల ప్రభుత్వముదే. కాని బస్సు చార్జీ, గది అద్దె, పోయిన కూలి ఎవరిత్తురు? నా పూర్వశిష్యుడొకడు, మెదక్ ప్రాంతపు రైతు, ఏడేండ్ల కూతురితో మా వీధిలో గది తీసికొనెను. మూడవ నెలకు పిల్ల గంతులు వేయసాగెను. నాట్ల వేళ వచ్చినది. "సారూ, పిల్ల మంచిగనే ఆడుతున్నది గదా, ఇంక ఊరికి తోల్కపోత" అనెను. "నాయనా, పైకి గడ్డి ఎండినది గాని వేరు ఎండలేదు, రెండున్నర యేండ్ల వైద్యమిది" అని చెప్పితిని. చెప్పిన చాలునా? వాని గ్రామపెద్దలకు ఉత్తరము వ్రాసితిని.

వారు చేసినది మీకును సాధ్యమే. పాల కేంద్రమున బిల్లు చెల్లించునాడు, ముప్పది యిండ్లవారు నెలకు ఏబదేసి రూపాయలిచ్చుచున్నారు. లెక్క బడి పంతులు వ్రాయును, గోడమీద అంటింతురు. నాట్లు ఇరుగుపొరుగువారు వేసిరి. మానని జ్వరము, పాలిపోయిన ముఖము, దెబ్బ లేకయే నల్లమచ్చలు, చిగుళ్ల రక్తము, ఎముకల నొప్పి – ఇవి గల బిడ్డకు దిష్టి తీయించినను తీయింపుడు, రక్తపరీక్ష మాత్రము ఆ దినముననే చేయింపుడు. చికిత్స నడుమ జ్వరము వచ్చినచో తెల్లవారువరకు ఆగరాదు; బండి కట్టవలసినదే. ఆ గ్రామమున అందులకై ఒక ఆటో వానితో ముందే మాట్లాడి యుంచిరి. పిల్లకు పదునారు నెలల వైద్యము జరిగినది. ఇంకను పదునాలుగు నెలలు కలవు.