కోలారు గనులలో రెండు వోట్లు
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన బెంగుళూరుకు తూర్పున నూరు కిలోమీటర్ల దూరములో ఉన్న కోలారు బంగారు గనులను ఎరుగనివారు ఈ సభలో ఉండరు. 1880లో జాన్ టేలర్ కంపెనీ చేపట్టిన ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. బంగారము కథ అందరికీ తెలిసినదే. అక్కడి వోటు కథ మాత్రము మరుగున పడిపోయినది.

1952లో మైసూరు శాసనసభకు జరిగిన ఎన్నికలలో ఆ గనుల నియోజకవర్గము ఇద్దరు సభ్యులది. ఒక స్థానము షెడ్యూల్డు కులాలకు, రెండవది ఎవరికైనా. వోటరుకు రెండు వోట్లు. రెండూ ఒకరికే వేయరాదు. ఎవరి పెట్టె వారిదే గనుక, ఒక కాగితము ఒక పెట్టెలో, రెండవది ఇంకొక పెట్టెలో వేయవలెను. గెలిచినవారు కమ్యూనిస్టు కె. ఎస్. వాసన్, షెడ్యూల్డు కులాల ఫెడరేషను తరపున పి. ఎం. స్వామిదురై. 99 స్థానాల సభలో కమ్యూనిస్టులకు దక్కినది ఆ ఒక్కటే! 1957లోనూ అవే రెండు పక్షాలు: ఎం. సి. నరసింహన్, సి. ఎం. ఆరుముగం.

ఇది యాదృచ్ఛికమని నేననుకోను. గనిలోకి దిగేవారిలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటునుండి వచ్చిన దళితులు. చిత్తూరు వైపునుండి వచ్చిన మనవారూ ఉన్నారు. 1930లో వేలిముద్రల నిబంధనపై సమ్మె కట్టినది వీరే. కూలి బాధ ఒకటి, కులము బాధ ఇంకొకటి. రెండు బాధలకు రెండు వోట్లుండేవి. కార్మిక సంఘమా, ఫెడరేషనా అని ఇంట్లో తగవు పడనక్కరలేదు.

లోక్ సభకు కోలారు కూడా ద్విసభ్య స్థానమే. కాని అక్కడ పల్లెల వోటు పెద్దది. 1957లో క్యాసంబళ్ళి కె. చెంగలరాయరెడ్డిగారు, దొడ్డతిమ్మయ్యగారు కాంగ్రెసు పక్షాన గెలిచారు.

ఈ పద్ధతికి చిక్కు మన తెలుగునాటనే వచ్చినది. 1957లో పార్వతీపురములో రెండు స్థానాలూ గిరిజన అభ్యర్థులకే దక్కగా, వి. వి. గిరిగారు ఓడి కోర్టుకెక్కారు. 1959లో సుప్రీం కోర్టు ఆ ఫలితము సరియేనన్నది. 1961 చట్టముతో ద్విసభ్య నియోజకవర్గాలు రద్దయినవి. విశాలమైన ప్రాంతము తిరగలేక అభ్యర్థులు అలసిపోయేవారన్నది నిజమే. అయినను గని కార్మికుని చేతిలోనుండి ఒక వోటు పోయినది. రెండు బాధలలో ఏది ముందో ఇక అతడే తేల్చుకోవలసి వచ్చినది.

ఆ రెండు కాగితాలు చేతపట్టినవారికిప్పుడు తొంబై యేండ్లు. మీ ఇండ్లలో అటువంటి తాతగారో అవ్వగారో ఉంటే, ఈ పండుగ సెలవులలోనే అడిగి వ్రాసిపెట్టండి.