నియమగిరి కొండ – కపడాగండ శాలువా

 

భావనాఋషి తామర నారతో దేవతలకు బట్ట నేసి ఇచ్చాడని మన పెద్దలు చెప్పారు. ఆ నమ్మకంతోనే మనం మగ్గానికి దణ్ణం పెట్టి కూర్చుంటాం. పక్కనే రాయగడ, కలహండి జిల్లాల్లో నియమగిరి కొండలున్నాయి. అక్కడి డొంగ్రియా కోందులకు ఆ కొండే దేవుడి ఇల్లు. ఆ దేవుడు నియమరాజు. అడవినీ నీళ్లనీ ఎట్లా వాడుకోవాలో నియమం పెట్టింది ఆయనే అని వాళ్ల నమ్మకం.

ఆ కొండ మీద బాక్సైటు తవ్వుతామన్నారు. ఈ సంగతి గ్రామసభలే తేల్చాలని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. 12 గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. కొండ నిలబడింది.

ఆ కొండను వాళ్లు బట్ట మీద కూడా పెట్టుకున్నారండీ. దాని పేరు కపడాగండ శాలువా. ముతక తెల్లబట్ట డోంబు నేతగాళ్లది. దాని మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో సూదిపని డొంగ్రియా ఆడపిల్లలది. మూడు మూలల గుర్తులు కొండలు, ఆకుపచ్చ అడవి. ఈ శాలువాకు 2024 జనవరిలో జిఐ గుర్తింపు వచ్చింది. మన కొరాపుట్ జిల్లా కోట్‌పాడ్ నేతకు 2005లోనే వచ్చింది. అటు పోచంపల్లి ఇకత్‌కు, మంగళగిరి చీరలకు కూడా ఉంది.

అయితే జిఐ వచ్చిందని ఊరుకుంటే కూడు పెట్టదు. జిఐ వచ్చేది సరుకు పేరుకు. ఆ పేరు మీద హక్కుగా అమ్ముకోవాలంటే నేసేవాళ్లు ఎవరికి వాళ్లు ‘ఆథరైజ్డ్ యూజర్’గా నమోదు చేసుకోవాలి. 10 ఏళ్లకోసారి జిఐని రెన్యువల్ చేయించుకోవాలి. మరమగ్గం బట్టకు మన పేరు పెట్టి అమ్మేవాణ్ణి కోర్టులో నిలదీయాలంటే ఆ నమోదు చేతిలో ఉండాలి. మన ఇళ్లలో ఎంతమందికి ఈ కాయితం ఉందో మీరే చెప్పండి.

కొండజనం సభకు వచ్చి నోరు విప్పారు కాబట్టి కొండ మిగిలింది. జిఐ ఉన్న నేత నేసే ప్రతి సంఘమూ మగ్గం మీద కూర్చునే వాళ్ల జాబితా రాసి, ఆడవాళ్ల పేర్లు కూడా కలిపి, దరఖాస్తులు పెట్టించాలని మా మనవి. ఆసు పోసే చేతులూ, నేసే చేతులూ ఎవరివో ఆ జాబితాలో కనపడాలి.