పదో ప్రశ్న రాగానే మా నాన్న ఎందుకు లేచి నిలబడతాడు?

ఇవాళ మన టాపిక్ టీవీ గేమ్ షోలు. ప్రైజ్ మనీ ఎంత పెద్దదైతే టెన్షన్ అంత పెరుగుతుందని అనుకుంటాం కదా? కాదండీ. ఎందుకో చెప్తాను, ఐదు నిమిషాలు నాతో ఉండండి.

మాది గురజాల దగ్గర ఒక పల్లెటూరు. 2014లో మా టీవీలో నాగార్జున గారి 'మీలో ఎవరు కోటీశ్వరుడు' మొదలైంది. ఇక మా ఇంట్లో అన్నాలు కూడా టీవీ ముందే. మా నాన్నకి ఒక అలవాటు ఉండేది. పదో ప్రశ్న రాగానే మంచం మీద నుంచి లేచి నిలబడేవాడు. "ఒరేయ్ చాల్లేరా, డబ్బులు తీసుకుని దిగు!" అని టీవీ మీద అరిచేవాడు. అదే పదకొండో ప్రశ్నకి హాయిగా కూర్చుని మజ్జిగ తాగేవాడు. మేం నవ్వుకునేవాళ్లం. తర్వాత లెక్క వేస్తే మా నాన్నే కరెక్ట్.

చూడండి. మొత్తం 15 ప్రశ్నలు. ఐదో మెట్టు 10,000, పదో మెట్టు 3,20,000. ఈ రెండూ సేఫ్. అక్కడికి చేరితే, తర్వాత తప్పు చెప్పినా ఆ డబ్బు మీదే. తొమ్మిది దాటినవాళ్ల చేతిలో 1,60,000 ఉంటాయి. పదోది తప్పితే 10,000కి పడిపోతారు. అంటే లక్షా 50 వేలు గోవిందా! మరి పదకొండోది? అది 6,40,000 ప్రశ్న, పదోదానికి రెట్టింపు. కానీ తప్పినా 3,20,000 ఎక్కడికీ పోవు. పోయేదే లేనప్పుడు ఇక భయం దేనికి?

చివరి ప్రశ్నకి చేతిలో 50 లక్షలు ఉంటాయి. తప్పితే 46,80,000 పోతాయి. మనకి ఊపిరాడనిది కోటి అనే అంకె వల్ల కాదు, ఆ పోయే 46 లక్షల వల్ల. 2021లో జెమినిలో జూనియర్ ఎన్టీఆర్ ముందు ఒక ఎస్సై గారు కోటి గెలిచారే, ఆయన దాటింది ఈ గండాన్నే.

ఇప్పుడు బిగ్ బాస్‌కి వద్దాం. ఫైనల్ రోజుకి ఓటింగ్ అయిపోయి ఉంటుంది. కంటెస్టెంట్ చేతిలో ఏమీ ఉండదు, ఊరికే నిలబడాలి. అందుకే డబ్బు ఆఫర్ పెడతారు. 2020లో సోహెల్ 25 లక్షలు తీసుకుని బయటికొచ్చాడు. అది విన్నర్ 50 లక్షల్లోంచే కోశారు. 2022లో శ్రీహాన్ 40 లక్షలు తీసుకున్నాడు, ట్రోఫీ రేవంత్‌కి వెళ్లింది. ఆ తర్వాత నాగార్జున గారు చెప్పారు, ఓట్లు కొంచెం ఎక్కువ వచ్చింది శ్రీహాన్‌కేనని! ఆ సూట్‌కేస్ లేకపోతే మనకి ఈ కథే లేదు.

సరే, మళ్లీ మా నాన్న దగ్గరికి వస్తాను. మేం మిర్చి వేస్తాం. 2024లో మా సరుకు క్వింటా 20 వేలకి అడిగారు. "ఇంకా పెరుగుద్దిలే" అని నాన్న 40 టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టాడు. అంటే దాదాపు 16 క్వింటాళ్లు. మిర్చికి వరి లాగా మద్దతు ధర లేదు, అంటే సేఫ్ మెట్టు లేదు. రేటు బాగా పడిపోయాక, 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు ప్రకటించింది. ఆట సగంలో మెట్టు కట్టినట్టు! చివరికి మేం 12 వేలకి అమ్మాం. పోయింది లక్షా 28 వేలు, స్టోరేజీ అద్దె కాకుండా. ఇంచుమించు పదో ప్రశ్న అంత.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "టీవీలో వాళ్లని దిగు దిగు అంటావు గదా నాన్నా, నువ్వెందుకు దిగలేదు?"

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "తప్పితే ఎంత పోద్దో వాళ్లకి ముందే చెప్తారు గదరా. నాకెవరు చెప్పారు?"

నా దగ్గర జవాబు లేదండీ.

ఈసారి గేమ్ షో చూసేటప్పుడు పైన వెలిగే అంకెని వదిలేయండి. పడితే ఎక్కడ ఆగుతారో చూడండి, టెన్షన్ అక్కడ ఉంటుంది. మీ ఇంట్లో ఎవరు ఏ ప్రశ్నకి లేచి నిలబడతారో కామెంట్‌లో చెప్పండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండి.