పసివాని తొలి వినోదయాత్ర

సెలవులు రాగానే ఓరుగంటి గృహములలో నేడొక చర్చ తరచుగా వినవచ్చుచున్నది. "పిల్లగానికి రెండేండ్లు నిండినయి, ఈసారి హైదరాబాదు తీసుకపోయి వినోదవనం చూపిద్దాం" అని తండ్రి యనును. "గింత పసిగుడ్డుకు ఏం తెలుస్తది బిడ్డా?" అని నాయనమ్మ యడుగును. ఇరువురి మాటలందును సత్యము కలదని మేము తలంచుచున్నాము.

ఇట్టి వేడుక మనకు క్రొత్త గాదు. జాతరలోని రంగులరాట్నమును మన పెద్దలందరు నెరుగుదురు. 1893లో అమెరికాలోని చికాగో ప్రదర్శనమున ఫెర్రిస్ అను ఇంజనీరు 264 అడుగుల ఎత్తుగల ఇనుపచక్రమును నిలిపెను. 1955లో వాల్ట్ డిస్నీ కాలిఫోర్నియాలో డిస్నీలాండును తెరచెను. 2016లో హైదరాబాదు చెంత రావిర్యాలలో వండర్లా వెలసెను. వరంగల్లునుండి అది సుమారు 150 కిలోమీటర్ల ప్రయాణము.

అయితే మనము చూచు వినోదవనము వేరు, పసివాడు చూచునది వేరు. రెండేండ్ల బిడ్డ ఎత్తు మూడడుగులకు లోపు. మనకు కనబడు దీపములు, తోరణములు వానికి కనబడవు. చుట్టును పెద్దల మోకాళ్లే కనబడును. మనకు సంగీతమైనది వానికి చెవులు చిల్లులుపడు రొదయగును. ఆ యీడు బిడ్డకు దినమునకు 11 మొదలు 14 గంటల నిద్ర కావలయును. మధ్యాహ్నపు కునుకు తప్పినచో ఎంతటి వేడుకయు వానిని ఓదార్పజాలదు.

యంత్రముల యొద్ద ఎత్తు కొలుచు గుర్తులుండును. "ఒక్క అంగుళమే గదా" యని కొందరు కాపలావానితో వాదింతురు. ఇది తగదు. పెద్దవారి తల శరీరపుటెత్తులో ఎనిమిదవ వంతు. రెండేండ్ల బిడ్డకు సుమారు ఐదవ వంతు. అంత బరువైన తలను లేతమెడ మోయుచున్నది. ఆకస్మికమైన కుదుపును అది తాళలేదు. ఆ గుర్తు మన బిడ్డను కాచుటకే యున్నది.

ఇంతకంటె మేము ముఖ్యముగా చెప్పదలచినది వేరొకటి కలదు. బిడ్డ రాట్నమును చూచి బెదరి తల్లి మెడను కరచుకొనును. "ఇంత ఖర్చుపెట్టి తెచ్చితిమి, ఎక్కవేమి?" యని కొందరు గద్దించి కూర్చుండబెట్టుదురు, ఏడ్చినచో ఒక దెబ్బయు వేయుదురు. మూడేండ్లలోపు సంగతులు పెద్దయిన పిమ్మట సాధారణముగా జ్ఞాపకముండవు. కావున వినోదవనమును వాడు మరచును. కాని భయపడినపుడు తల్లిదండ్రులు తన పక్షమున నిలిచిరో లేదో, ఆ అనుభవము వాని స్వభావములో ఇంకిపోవును. టిక్కెట్టు డబ్బు పోయినను మరల వచ్చును. బిడ్డ నమ్మకము పోయినచో దానిని తిరిగి తెచ్చుట కష్టము.

అందుచేత తొలియాత్ర ఇంటి దాపుననే జరుగుట మేలు. హనుమకొండలోని కాకతీయ జంతుప్రదర్శనశాలలోనో, భద్రకాళి చెరువు చెంత తోటలోనో ఒక ప్రొద్దుటిపూట రెండుగంటలు గడుపుడు. వాడు జింకను విడిచి చీమల బారును చూచుచు కూర్చుండిన, మీరును కూర్చుండుడు. అటుపిమ్మట దూరము పోవచ్చును. అక్కడ ముందుగా ఇతర బిడ్డలు తిరుగుటను చూపుడు. వాడు తానై చేతులు చాచిననే చిన్నరాట్నమెక్కించి ప్రక్కన నిలువుడు. జేబులో మీ ఫోను సంఖ్యగల చీటి నుంచుడు. బిడ్డ తప్పినచో వెంటనే అచటి సిబ్బందికి తెలుపుడు. బాలల సహాయమునకు 1098 సంఖ్య కలదు.

వాడలసినాడని తోచగానే తిరుగుముఖము పట్టుడు. చూడని వింతలు మిగిలినను చింతలేదు. వాడు పెరిగిన కొలది అవి వానికై వేచియుండును. నవ్వుచు వెళ్లిన బిడ్డ మీ భుజముపై నిశ్చింతగా నిద్రించుచు ఇల్లు చేరినచో, ఆ యాత్ర సఫలమైనట్లే.