వేడెక్కని ఇంజను



బండి వేడెక్కితే కంగారుపడతాం, వేడెక్కకపోతే మంచిదే అనుకుంటాం. నేనూ అలాగే మోసపోయాను. రిటైరయ్యాక వచ్చిన డబ్బుతో కొన్న పాత మారుతి 800, చలికాలం పొద్దున షాద్‌నగర్‌లో బయలుదేరితే కొత్తూరు దాటినా ముల్లు లేవదు. చల్లటి ఇంజను పెట్రోలు ఎక్కువ తాగుతుంది. పెన్షనులో ఆ ఖర్చు తెలుస్తూనే ఉంది.

రాత్రంతా నిలిపిన బండి స్టార్టు చేసి, ఫ్యానుకు దూరంగా, రేడియేటర్ పై గొట్టం పట్టి చూడండి. కొన్ని నిమిషాలు చల్లగా ఉండి ఒక్కసారిగా వేడెక్కాలి. మొదటినుంచీ మెల్లగా వెచ్చబడితే థర్మోస్టాట్ తెరుచుకుని బిగుసుకుపోయిందన్నమాట. నా బండిలో అసలు లేనేలేదు! "మన ఎండలకెందుకు" అని ఎవరో మెకానిక్ ఎప్పుడో తీసేశాడట.

కొత్తది కొని, బిగించే ముందు నీళ్ళలో వేసి కాచాను. 80–90 డిగ్రీల మధ్య లోపలి మైనం కరిగి, మూత తెరుచుకుంటుంది. తెరుచుకుంది. ఆ గిన్నెను మాత్రం మా ఇంటావిడ మళ్ళీ పొయ్యి ఎక్కించలేదు.